వేల కొద్దీ స్కాన్ ఇమేజ్‌లను డేటాబేస్ అప్లికేషన్ కోసం ఎలా భద్రపరచాలి?

మా ఊరి గ్రంథాలయంలోని పాత పత్రికలు చెదల పాలు కాకముందే స్కాన్ చేద్దామని కూర్చున్నాం. స్కానింగ్ సాఫీగానే సాగింది. అసలు టెన్షన్ ఆ తర్వాతే మొదలైంది: ఇన్ని ఇమేజ్‌లు ఎక్కడ పెట్టాలి, రేపు ఎవరైనా అడిగితే ఆ పేజీ ఎలా తీసివ్వాలి? మీరూ ఇలాంటి పనికి దిగితే ఈ వరుసలో చెయ్యండి.

ముందు చోటు లెక్క వేసుకోండి. ఏ4 పేజీని 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కల చొప్పున) స్కాన్ చేస్తే 2480 × 3508 పిక్సెళ్లు వస్తాయి. రంగుల్లో పిక్సెల్‌కి 3 బైట్లు, అంటే కంప్రెస్ చెయ్యని టిఫ్ (స్కాన్ ఇమేజ్‌లను దాచే ఒక ఫైల్ రకం) ఫైల్ సుమారు 26 ఎంబీ. 50 వేల పేజీలైతే 1.3 టీబీ. గ్రేలో (నలుపు-తెలుపు ఛాయల్లో) తీస్తే అందులో మూడో వంతే. మామూలు అచ్చు పేజీలకు గ్రే చాలు. అట్టలు, రంగు బొమ్మలు మాత్రం రంగుల్లోనే తియ్యండి.

ఇమేజ్‌ను డేటాబేస్‌ లోపల పెట్టాలా, బయట ఫోల్డర్‌లోనా? మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌ సాఫ్ట్‌వేర్‌లో లాంగ్‌బ్లాబ్ (ఫైళ్లను నేరుగా దాచుకునే కాలమ్ రకం) 4 జీబీ దాకా పడుతుంది కాబట్టి లోపల పెట్టొచ్చు. కానీ డేటాబేస్ పూర్తి బ్యాకప్ తీసిన ప్రతిసారీ ఆ బరువంతా మొయ్యాలి. 2006లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు పరీక్షిస్తే 256 కేబీ లోపువి డేటాబేస్‌లో, 1 ఎంబీ దాటినవి ఫైల్ సిస్టమ్‌లో మెరుగ్గా పనిచేశాయి. నా మాటా అదే: అసలు టిఫ్ బయట ఉండాలి, దాని వివరాలు డేటాబేస్‌లో ఉండాలి. చిన్న థంబ్‌నెయిల్ (పేజీ బుల్లి బొమ్మ) లోపల పెట్టుకున్నా ఇబ్బంది లేదు.

ఇక ఫైల్ పేరు. మేం దెబ్బతిన్నది ఇక్కడే. మొదట్లో పత్రిక పేరు, సంవత్సరం కలిపి తెలుగులోనే ఫైళ్లకు పేర్లు పెట్టాం. జిప్ చేసి వేరే కంప్యూటర్‌లో విప్పితే అక్షరాల బదులు పిచ్చి గుర్తులు కనిపించాయి. ఏ పేజీ ఏదో ఒక్కొక్కటీ తెరిచి చూసుకోవాల్సి వచ్చింది. అందుకే ఫైల్ పేరుకు అర్థం అక్కర్లేదు, అది మారకుండా ఉంటే చాలు. ఫైల్‌కి ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైల్‌లోని డేటా నుంచి లెక్కించే వేలిముద్ర లాంటిది) తీస్తే 64 అక్షరాల (0-9, a-f) గుర్తు వస్తుంది, దాన్నే పేరుగా పెట్టండి. అది 4107తో మొదలైతే ఫైల్‌ను 41 అనే ఫోల్డర్‌లో, దాని లోపల 07లో పెట్టండి. ఇలా 65,536 ఫోల్డర్లలో సర్దుకుంటే ఒకే ఫోల్డర్‌లో లక్షల ఫైళ్లు కుక్కి, తెరవడానికి ఎదురుచూసే బాధ ఉండదు.

డేటాబేస్ టేబుల్‌లో ఒక్కో పేజీకి ఒక వరుస (రో) ఉంచి, అందులో హ్యాష్, ఫైల్ సైజు, పత్రిక పేరు, సంచిక తేదీ, స్కాన్ వరుస సంఖ్య, అచ్చయిన పేజీ సంఖ్య పెట్టండి. చివరి రెండూ వేర్వేరు కాలమ్‌లుగానే ఉండాలి. అట్టకూ, ప్రకటనల పేజీలకూ చాలాసార్లు అచ్చు సంఖ్య ఉండదు, రెండూ ఒకటే అనుకుంటే పేజీల క్రమం తప్పుతుంది. డ్రైవ్ అక్షరంతో సహా ఫైల్ ఉన్న చోటి పూర్తి దారి (పాత్) మాత్రం రాయకండి. డిస్క్ మారిన రోజు ప్రతి వరుసా దిద్దుకోవాలి. మూల ఫోల్డర్ ఎక్కడుందో సెట్టింగ్స్‌లో ఒక్కచోట రాస్తే సరిపోతుంది.

కొత్త పేజీ చేర్చేటప్పుడు ఫైల్‌ను ముందు తాత్కాలిక పేరుతో రాసి, పూర్తయ్యాక అసలు పేరుకు మార్చి, ఆ తర్వాతే డేటాబేస్‌లో వరుస చేర్చండి. మధ్యలో కరెంటు పోతే ఒక అనాథ ఫైల్ మిగులుతుందంతే, ఫైల్ లేని వరుస పుట్టదు. జనం చూడటానికి జేపెగ్ కాపీలు వేరే ఫోల్డర్‌లో చేసుకోండి. అవి పోయినా టిఫ్ నుంచి మళ్లీ తయారవుతాయి.

బ్యాకప్‌లో ముందు డేటాబేస్, తర్వాత ఫైళ్లు. టిఫ్‌లను ఎప్పుడూ చెరపరు, మార్చరు కాబట్టి ఆ బ్యాకప్‌లోని ప్రతి వరుసకూ ఫైల్ తప్పకుండా దొరుకుతుంది. మొత్తం మూడు కాపీలు ఉండాలి, వాటిలో ఒకటి వేరే ఊళ్లో. నెలకోసారి హ్యాష్‌లు మళ్లీ లెక్కించి పోల్చండి. తేడా వచ్చిన ఫైల్‌ను మంచి కాపీ నుంచి తెచ్చుకోండి. మొదటి నెలలోనే బ్యాకప్ నుంచి ఓ వంద పేజీలు వేరే కంప్యూటర్‌లోకి దించి, కళ్లారా తెరిచి చూడండి.