వైజాగ్‌లోనే చదవాలా, రైలెక్కాలా: సీటు ఖాయం చేసుకునే ముందు చూడాల్సినవి

ఏటా ర్యాంకులు వచ్చే రోజుల్లో మా ఇంటికి ఎవరో ఒకరు ర్యాంకు కార్డు పట్టుకుని వస్తారు. పక్కవీధి వాళ్లు, మా చెల్లెలి ఆడపడుచు, ఒకసారైతే మాకు పాలు పోసే ఆయన. నేను డిగ్రీ ఏయూలో (ఆంధ్రా యూనివర్సిటీలో) రోజూ ఇంటి నుంచి వెళ్లి చదివి, పీజీకి హైదరాబాద్ వెళ్లాను కాబట్టి నాకు రెండు వైపులా తెలుసని వాళ్ల నమ్మకం. అందరూ అడిగేది ఒకటే, "ఇక్కడ చేర్పించమంటారా, బయటికి పంపమంటారా?" అలా అడిగితే నా దగ్గర జవాబు లేదు. అక్కడ దొరికి ఇక్కడ దొరకనిది ఏంటో చెప్పు అంటాను. ఫలానా కోర్సు, ఫలానా ల్యాబ్, ఫలానా డిపార్ట్‌మెంట్ అని పేరు పెట్టి చెప్పగలిగితే వెళ్లొచ్చు. "ఎక్స్‌పోజర్ ఉంటుందట" అన్న ముక్క తప్ప ఇంకేమీ రాకపోతే కాస్త ఆగు.

ముందు మన ఊళ్లో ఏముందో చూడు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు. ఆంధ్రా మెడికల్ కాలేజీ 1923 నాటిది, ఆంధ్రా యూనివర్సిటీ 1926 నాటిది. అవి సరే, షిప్పుల డిజైన్ నేర్పే ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ క్యాంపస్, పెట్రోలియం ఇంజినీరింగ్ చెప్పే ఐఐపీఈ, సబ్బవరంలో దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ, ఇవన్నీ మన చుట్టూనే ఉన్నాయి. వీటిలో సీటు కోసం ఎక్కడో ఉత్తరాది నుంచి పిల్లలు రోజున్నర రైల్లో కూర్చుని వస్తుంటే, కంచరపాలెం కుర్రాడు మాత్రం పేరు కూడా సరిగ్గా వినని ప్రైవేటు యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ కోసం వేరే రాష్ట్రానికి బ్యాగు సర్దుకుంటాడు. ఇక్కడ దొరకనివీ ఉన్నాయి మరి. ఆర్కిటెక్చర్‌కి విజయవాడ ఎస్‌పీఏ, సైన్సు పరిశోధన మీద మనసుంటే తిరుపతి ఐసర్, స్టాటిస్టిక్స్‌కి కలకత్తా ఐఎస్‌ఐ, వీటికి సాటి ఇదిగో అని చూపించడానికి వైజాగ్‌లో ఏమీ లేదు. అలాంటి చోట సీటు వస్తే దూరం గురించి ఆలోచించకుండా పో.

ఐఎస్‌ఐ అంటే గుర్తొచ్చింది, స్టాటిస్టిక్స్‌లో పేరుమోసిన సి.ఆర్. రావు గారు ఇక్కడి ఏవీఎన్ కాలేజీలో, ఏయూలో లెక్కలు చదువుకున్నాకే 1941లో కలకత్తా ఐఎస్‌ఐకి వెళ్లారు. పునాది ఇక్కడ, పై చదువు అక్కడ. ఈ దారిని మనవాళ్లు అసలు లెక్కలోకే తీసుకోరు, పదిహేడేళ్లకి తేల్చకపోతే జీవితం అయిపోయినట్టు మాట్లాడతారు. పీజీలో చేరడానికి గేట్ పరీక్ష ఉంది, క్యాట్ ఉంది, సీయూఈటీ పీజీ ఉంది, నాలుగేళ్ల తర్వాత మళ్లీ ఇంకో తలుపు తెరుచుకుంటుంది.

కాలేజీ పేరుతో పోల్చకు, నువ్వు చేరబోయే బ్రాంచి ఏదో దాంతో పోల్చు. ఫ్లెక్సీ మీద వేసే నలభై లక్షల ప్యాకేజీ ఒకే ఒక్కడిది, నీకు కావాల్సింది మధ్యలో ఉన్నవాడి జీతం. కాలేజీలకి కేంద్రం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్‌కి దరఖాస్తు చేసే సంస్థలు ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి, వాళ్ల మధ్యస్థ జీతం ఎంత, పై చదువులకి ఎంతమంది వెళ్లారు అన్న లెక్కలన్నీ రాసి ఇవ్వాలి. కాలేజీ పేరు పక్కన "ఎన్‌ఐఆర్‌ఎఫ్ డేటా" అని కొట్టి వెతికితే పీడీఎఫ్ దొరుకుతుంది. ఊళ్లో కాలేజీది, దూరపు కాలేజీది పక్కపక్కన పెట్టుకుని చూడు. సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది. పీడీఎఫ్ దొరకలేదంటే అది కూడా ఒక సమాచారమే అనుకో.

ఇప్పుడు డబ్బులు. పాత క్యాలెండర్ కాగితం తిప్పి, అమ్మానాన్నల్ని కూర్చోబెట్టుకుని రాయి. ఏడాది ఫీజు కాదు, నాలుగేళ్లది. హాస్టల్, మెస్, ల్యాప్‌టాప్, ప్రయాణాలు. ఏడాదికి నాలుగుసార్లు ఇంటికొస్తే రానూ పోనూ కలిపి నాలుగేళ్లలో 32 టిక్కెట్లు, అందులో కొన్ని తత్కాల్‌వే. మన రాష్ట్రంలో కన్వీనర్ కోటా (ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో వచ్చే) సీటయితే, అర్హత ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది (ఎప్పుడు పడుతుందన్నది వేరే కథ), పక్క రాష్ట్రం ప్రైవేటు యూనివర్సిటీకి ఆ ఆశ పెట్టుకోకు. ఎడ్యుకేషన్ లోన్ తీసుకుంటే కోర్సు అయ్యాక ఇంకో ఏడాది దాకా కిస్తీ ఉండదు నిజమే, కానీ వడ్డీ మొదటి రోజు నుంచే నడుస్తుంటుంది. మంచి ర్యాంకున్న సంస్థల్లో సీటొచ్చి, కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల లోపుంటే కేంద్రం వాళ్ల పీఎం విద్యాలక్ష్మి పథకంలో పది లక్షల దాకా అప్పు మీద 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. నీకొచ్చిన సంస్థ ఆ జాబితాలో ఉందో లేదో బ్యాంకు వాళ్లని అడగకముందే పోర్టల్‌లో చూసుకో.

ఇంటి దగ్గర చదువు ఉచితం అనుకుంటారు, అదీ తప్పే. మా బాబాయి కొడుకు పాత గాజువాకలో ఉండి మధురవాడ వైపు కాలేజీకి వెళ్లేవాడు. పొద్దున్న ఏడింపావుకి బస్సు. ఎన్‌ఏడీ దగ్గర పావుగంట, గురుద్వారా దగ్గర కాసేపు, మద్దిలపాలెం దాటి హనుమంతవాక వచ్చేసరికి బస్సులో సగం మంది కిటికీకి తల ఆనించి నిద్ర. గంటన్నర వెళ్లడం, గంటన్నర రావడం. ఏడాదికి 200 రోజులు అనుకున్నా 600 గంటలు, అంటే రాత్రీ పగలూ కలిపి 25 రోజులు బస్సులోనే. సాయంత్రం క్లబ్బు, ల్యాబ్, ఫ్రెండ్స్ ఏమీ లేవు, ఐదింటికి బస్సు తప్పితే అంతే. రెండో ఏడాది మధ్యలో వాడు కాలేజీ పక్కన రూము తీసుకున్నాడు, ఆదివారం ఇంటికి. పిన్ని మొదట ఏడ్చింది గానీ వాడి మార్కులూ మారాయి, మొహం కూడా మారింది. సొంత ఊళ్లోనే హాస్టల్లో ఉండటం అన్నది కూడా ఒక దారే. నన్నడిగితే చాలామందికి అదే సరైంది.

ఇంకో మాట చెప్పాలి, కొందరికి కోపం వచ్చినా సరే. ఒకే ఇంట్లో అబ్బాయికి బెంగళూరు, అంతకంటే మంచి ర్యాంకొచ్చిన అమ్మాయికి ఇంటి పక్క కాలేజీ. "ఆడపిల్లని అంత దూరం ఏటికిరా" అంటుంది నాయనమ్మ. భయం నిజమే, దాన్ని ప్రశ్నలుగా మార్చి కాలేజీ వాళ్లనే అడగండి. హాస్టల్ క్యాంపస్ లోపలా బయటా, రాత్రి గేటు ఎన్నింటికి, లైబ్రరీ నుంచి హాస్టల్ దాకా లైట్లున్నాయా, వార్డెన్ ఫోన్ ఎత్తుతుందా. అబ్బాయి కోసం కూడా ఇవే అడగాలి నిజానికి, ఎవరూ అడగరు.

వీలుంటే వెళ్లి చూడు, కానీ వాళ్లు పిలిచిన రోజున కాదు. మామూలు పనిరోజున వెళ్లి, మెస్‌లో భోజనం చేసి, మూడో ఏడాది పిల్లల్ని ఇద్దరిని పట్టుకుని "మళ్లీ అవకాశమొస్తే ఇక్కడే చేరతావా" అని అడుగు. నోటితో ఏం చెప్పారన్నది తర్వాత, చెప్పే ముందు ఎంతసేపు ఆగారో చూసుకో.

సీట్ల లెక్క కూడా తెలిసుండాలి. రాష్ట్ర ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో 85 శాతం సీట్లు స్థానికులవి, మనది ఏయూ రీజియన్. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు ఆ రాష్ట్రం వాళ్లకి, మనకి సొంతం తాడేపల్లిగూడెంది. అందుకే అదే ర్యాంకుకి ఇక్కడ మంచి బ్రాంచి, దూరంగా ఏదో ఒక బ్రాంచి వస్తుంటాయి. ఐఐటీ, ఎన్‌ఐటీ సీట్ల కౌన్సెలింగ్ జోసాలో ఫ్రీజ్ అంటే ఇంతటితో చాలు అని, ఫ్లోట్ అంటే నీ వరసలో ఇంకా పైనున్న ఏ కాలేజీ వచ్చినా మారిపోతానని, స్లయిడ్ అంటే అదే కాలేజీలో పై బ్రాంచి కావాలని. ఆప్షన్ల వరస నెట్ సెంటర్ వాడికి వదిలేయకు. నీకు ఎక్కువ ఇష్టమైనది పైన ఉండాలి, "వచ్చేది" పైన కాదు. మా ఎదురింటి అమ్మాయికి ఇలాగే ఒకటీ రెండూ తారుమారై, కావాల్సిన బ్రాంచి అందుబాటులో ఉండీ చేజారింది.

ఒరిజినల్ సర్టిఫికెట్ల విషయంలో మొహమాటపడకు. మా బంధువుల పిల్ల కౌన్సెలింగ్‌కి ముందే ఒక కాలేజీలో "సీటు బ్లాక్" చేసుకుని ఒరిజినల్స్ ఇచ్చేసింది. తర్వాత మంచి చోట సీటొస్తే మొత్తం ఫీజు కడితేనే ఇస్తామని కూర్చోబెట్టారు. వెరిఫికేషన్ అయ్యాక ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ ఉత్తర్వు ప్రింటు తీసి వాళ్ల నాన్న టేబుల్ మీద పెట్టాక గానీ బీరువా తాళం తీయలేదు. జెరాక్సులు నాలుగు సెట్లు తీసి ఉంచుకో, ఒరిజినల్స్ చూపించి వెనక్కి తెచ్చుకో.

బయటికే అని తేలితే ఒక తారీఖు ఫోన్‌లో పెట్టుకో. ఇప్పుడు రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు, అంటే భోగి జనవరి 13న అయితే ఒక రోజు ముందు, 12న బయల్దేరాలంటే నవంబర్ 13 పొద్దున్న ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. ఎనిమిదీ ఐదుకి చూస్తే వెయిటింగ్ లిస్టే.