వానాకాలానికి ముందు వీణ తంత్రుల విషయంలో జాగ్రత్తలు

జూన్‌లో నైరుతి రుతుపవనాలు వచ్చేలోగా వీణ తంత్రులను ఒకసారి పగటి వెలుతురులో పరిశీలించుకోవాలి. వాయించే నాలుగు తీగల్లో సారణి, పంచమం అనేవి ఉక్కు తీగలు. మిగిలిన రెండు, మంద్ర, అనుమంద్రాలకు రాగి లేదా కంచు చుట్టిన తీగలో, ఇత్తడివో వాడతారు. లోహాన్ని బట్టి జబ్బు మారుతుంది, మందూ మారుతుంది.

చాలా ఉక్కు తీగలపై పల్చని తగరపు పూత ఉంటుంది. అది చెక్కుచెదరనంతవరకే రక్షణ. ఒక్కచోట గీసుకుపోయిందంటే తగరం తాను నిలిచి, అడుగునున్న ఇనుమును ముందుగా తుప్పుకు అప్పగిస్తుంది. గమకం కోసం, అంటే స్వరాన్ని ఊపడానికి, లాగిన ప్రతిసారీ తీగ దాని అడుగునున్న ఇత్తడి మెట్టుమీద రాసుకుంటుంది కనుక, సారణిని కొద్దిగా ఎత్తి అడుగువైపు చూస్తే, ఎక్కువగా పలికించే మెట్లకు సరిగ్గా పైన చిన్న నొక్కులు, వాటిలో గోధుమరంగు చుక్కలు కనబడతాయి. గోటికి గరుకు తగిలితే తీగ మార్చవలసిందే. గరుకు కాగితంతో రుద్దితే ఉన్న కాస్త పూతా పోతుంది. కనీసం 10.5 శాతం క్రోమియం ఉండే స్టెయిన్‌లెస్ తీగ తుప్పును బాగా తట్టుకుంటుంది గానీ, చెమటలోని ఉప్పు దానికీ గుంటలు పెట్టగలదు, నాదమూ కొంత మారుతుంది. నా మటుకు మామూలు ఉక్కే నయం, తరచుగా మార్చుకోవలసి వచ్చినా సరే.

ఇత్తడికి అసలు శత్రువు అమ్మోనియా. బ్రిటిషు పాలనలో మన దేశంలోని సైన్యపు తూటాల ఇత్తడి తొడుగులు వానాకాలంలో వాటంతటవే పగిలిపోయేవి. గుర్రపుశాలల్లోని మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, గాలిలోని తేమ, లోహంలో మిగిలిన బిగువు కలిసి చేసిన పని అదని 1921లో తేలింది. శ్రుతి చేసిన తీగలో ఆ బిగువు ఎప్పుడూ ఉంటుంది. అందువల్ల తీగలు బిగించి ఉండగా, మెట్లు మెరవాలని అమ్మోనియా కలిసిన ఇత్తడి పాలిష్ వాడకూడదు. చింతపండూ వద్దు, ఆ పులుపు పక్కనున్న ఉక్కుకు హాని చేస్తుంది.

వేళ్లు జారడానికి రాసుకునే కొబ్బరినూనె ఉక్కు తీగకు కొంత రక్షణే, అయితే సాధన ముగిశాక పొడి నూలుగుడ్డతో తుడవకపోతే దుమ్ము పట్టి జిగురవుతుంది. చుట్టిన తీగలకు మాత్రం నూనె తగలనివ్వకండి, చుట్ల సందుల్లో చేరి నాదాన్ని మూగబోయేలా చేస్తుంది. కొత్త తీగలను సిలికా జెల్ పొట్లంతో కలిపి గాలి చొరని డబ్బాలో దాచండి. తుప్పు పట్టిన తీగ, దాన్ని చుట్టి బిగించే బిరడా దగ్గర వంపులో పుటుక్కున తెగవచ్చు, కాబట్టి శ్రుతి పెంచేటప్పుడు ముఖాన్ని దానికి దూరంగా ఉంచండి.