పాత తెరచాప యాట్‌ని విప్పేయడం: ముందు సీసం సంగతి చూడండి

1970ల నాటి 30 అడుగుల ఫైబర్‌గ్లాస్ యాట్ ఎంతకీ అమ్ముడుపోవడం లేదని ఎవరికి పడితే వాళ్లకి ఊరికే ఇచ్చేయకండి. మెరీనా (యాట్‌లు కట్టి ఉంచే రేవు) అద్దె కట్టలేని మనిషి చేతిలో పడితే అది ఏ ఒడ్డునో కూరుకుపోతుంది. కాగితాలు మార్చకపోతే నోటీసు వచ్చేది మీకే. అంతకంటే విప్పేయడం మేలు. ఫ్రాన్స్‌లో ఈ పని తేలిక: 2019 నుంచి ఆపెర్ అనే సంస్థ 2.5 నుంచి 24 మీటర్ల పొడవున్న పడవలను ఉచితంగా విప్పుతోంది, అక్కడిదాకా చేర్చే ఖర్చు మాత్రం యజమానిది. ఇలాంటి ఏర్పాటు లేనిచోట మొత్తం ఖర్చు మీదే. అందులో కొంత తిరిగి వచ్చేది పడవ అడుగున ఉండే బరువు, అంటే కీల్ వల్ల, అదీ సీసంతో చేసినదైతే.

ముందుగా గ్యాస్ సిలిండర్, బ్యాటరీలు, డీజిల్, ఇంజిన్ ఆయిల్, గడువు దాటిన ఫ్లేర్లు దించేయండి. ఫ్లేరు ఆపదలో ఇచ్చే సంకేతం, వదిలించుకోవడానికని వెలిగించకూడదు. నడిచే ఇంజిన్, వించ్‌లు (తాళ్లు బిగించే చక్రాలు), లంగరు, గొలుసు విడిగా అమ్ముడుపోతాయి. తెరచాప స్తంభాన్ని క్రేన్ పట్టుకున్నాకే దాని ఉక్కుతీగలు వదులు చేయాలి.

ఇక కీల్. నాలుగు టన్నుల పడవలో ఒకటిన్నర టన్ను దాకా ఇదే ఉంటుంది. రంగు గీకి అయస్కాంతం పెట్టండి. అతుక్కుంటే ఇనుము, దానికి పెద్దగా ధర రాదు. అతుక్కోకుండా, కత్తి మొనతో గీస్తే మెత్తగా తెగి వెండిలా మెరిస్తే సీసం. కీల్ ఫైబర్ లోపలే పోతపోసి ఉంటే సన్న రంధ్రం వేసి, వచ్చే పొట్టు చూడండి.

బోల్టులతో బిగించిన కీల్ అయితే పడవను క్రేన్ పట్టీల మీద ఉంచి, కీల్‌ని దుంగల మీద ఆనించి, అది ఒరగకుండా రెండు పక్కలా చీలలు కొట్టాలి. లోపలి నట్లను పూర్తిగా తీయకుండా చివరి రెండు మూడు మరల మీద ఉంచండి. అతుకులోని పాత సీలెంట్ (జిగురు) ఎంత గట్టిగా పట్టి ఉంటుందంటే, నట్లు వదిలినా కీల్ కదలదు, తర్వాత ఒక్కసారిగా ఊడుతుంది. అతుకులో చెక్క చీలలు దిగ్గొట్టి మెల్లగా విడదీసి, అప్పుడు నట్లు తీసి పడవను పైకి ఎత్తండి. ఆ సమయంలో కింద మనిషి ఉండకూడదు. సీసాన్ని గ్రైండర్‌తో కోయొద్దు, ఆ ధూళి ఒంట్లోకి పోతే విషం. మొత్తంగానే తుక్కు యార్డుకి పంపండి.

కీల్ పోయిన పడవ నిలబడదు, నాలుగు వైపులా ఆనింపు ఇచ్చాకే కోత మొదలుపెట్టండి. మామూలు రంపపు బ్లేడు గాజుపీచు మీద నిమిషాల్లో మొద్దుబారుతుంది, డైమండ్ డిస్క్ వాడండి, కోసేచోట నీళ్లు చిలకరించండి. సన్నటి ధూళిని ఆపే ఎఫ్‌ఎఫ్‌పీ3 మాస్కు, ఒళ్లంతా కప్పే సూట్, మణికట్టు దగ్గర టేప్ తప్పనిసరి. కాకినాడ తీరంలో ఫైబర్ బోట్లు బాగుచేసేవాళ్లకి గాజుపీచు ధూళితో వచ్చే దురద బాగా తెలుసు. అడుగు రంగులో రాగి ఉంటుంది, పాతదైతే టిన్ను విషం కూడా ఉండొచ్చు, కాబట్టి పొడిగా గీకొద్దు. ముక్కల్ని తగలబెట్టకండి, ఆ పొగ ప్రమాదం. అనుమతి ఉన్న చెత్త కేంద్రానికే పంపి, తూకం చీటీ దాచుకోండి.

రిజిస్ట్రేషన్, బీమా రద్దు చేయించండి. ఆపద బీకన్ (ఆపదలో రేడియో సంకేతం పంపే పరికరం) ఉంటే బ్యాటరీ తీయించి, దాని నమోదు కూడా తప్పక రద్దు చేయించాలి. చెత్తకుప్పలో పడ్డ బీకన్‌కి వాననీళ్లు తగిలి సంకేతం పంపితే, లేని పడవ కోసం హెలికాప్టర్ బయల్దేరుతుంది.