చెన్నైలో ప్రమాదం, శ్రీకాకుళంలో దరఖాస్తు

కొన్నేళ్ల క్రితం శ్రీకాకుళం జిల్లా కంచిలి నుంచి చెన్నైకి కట్టడం పనికి వెళ్లిన మా బావకు కటింగ్ మెషిన్‌లో కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. ఆయన సంతకం చేయగలిగినవాడే అయినా, కుడిచేతికి కట్టు ఉండగానే గుత్తేదారు మనిషి ఒక తమిళ కాగితంపై ఎడమ బొటనవేలి ముద్ర వేయించుకుని, కొంత నగదు చేతిలో పెట్టి రైలెక్కించాడు. తేదీ గడి ఖాళీగానే ఉంది.

తమిళం తెలిసిన ఒక విశ్రాంత రైల్వే ఉద్యోగి చేత ఆ కాగితాన్ని చదివిస్తే, పరిహారమంతా ముట్టిందని, ఇక ఏమీ అడగనని అందులో రాసి ఉంది. అయితే అప్పట్లో అమల్లో ఉన్న 1923 నాటి పరిహార చట్టం ప్రకారం హక్కును వదులుకునే ఒప్పందం చెల్లదు. ఇలాంటి పరిహార కేసులు విచారించే కమిషనర్ వద్ద నమోదు కాని రాజీ యజమానిని బాధ్యత నుంచి తప్పించదు.

దరఖాస్తు ఎక్కడ వేయాలన్న అసలు చిక్కు ఆ చట్టంలోని సెక్షన్ 21తో వీడింది. ప్రమాదం ఎక్కడ జరిగినా కార్మికుడు తన నివాస ప్రాంతపు కమిషనర్ వద్దే దరఖాస్తు చేసుకోవచ్చు కాబట్టి, తమిళ కాగితాలకు తెలుగు అనువాదం జతచేసి శ్రీకాకుళంలోనే వేశాం. బావ తన వాంగ్మూలాన్ని తెలుగులోనే ఇచ్చారు. అదే చట్టానికి 2017లో వచ్చిన సవరణ మాత్రం, పనిలో చేర్చుకున్నప్పుడే హక్కులను ఇంగ్లీషులోనో, హిందీలోనో, పనిచేసే ప్రాంతపు అధికార భాషలోనో కార్మికుడికి అర్థమయ్యేలా తెలపాలని చెప్పింది. ఆ మూడింటిలో వలస కూలీ సొంత భాషకు చోటు లేకపోవడం నా దృష్టిలో పెద్ద లోపం.

రెండు వేళ్లకు ఆ చట్టంలోని గాయాల పట్టికలో (షెడ్యూలులో) ఉన్న 20 శాతం సంపాదన నష్టాన్ని బట్టి లెక్కకట్టిన మొత్తం, జాప్యానికి 12 శాతం వడ్డీతో బావ ఖాతాలో పడింది.