తుపాకీ ఖాళీయేనా? చూసి, తడిమి తేల్చుకోండి

ఎన్నికల ముందు లైసెన్సు తుపాకీని స్టేషనులో అప్పగించే రోజైనా, కోనసీమలో ముసురు పట్టాక నూనె రాయడానికి బీరువాలోంచి తీసినా, చేతికి అందగానే అది నిండి ఉందనే అనుకోండి. ఇచ్చినవాళ్లు "ఖాళీయేనండీ" అన్నా సరే, మీరు మళ్లీ చూడాల్సిందే.

గొట్టం మూతిని ఇసుక బస్తావైపో, మనుషులు లేని చోట మెత్తటి మట్టిగట్టువైపో తిప్పండి. గచ్చు మీదికి, కాలువ నీళ్ల మీదికి వద్దు. గుళ్లు తగిలి పక్కకు ఎగిరిపోతాయి. వేలు ట్రిగ్గర్ గార్డు (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ) బయటే ఉండాలి. సేఫ్టీ వేశాం కదా అని ధీమా పడొద్దు, చాలా తుపాకుల్లో అది ఆపేది ట్రిగ్గర్‌ను మాత్రమే.

జోడు గొట్టాల తుపాకీ అయితే పైనున్న మీట పక్కకు నెట్టి, పూర్తిగా వంచి తెరవండి. తూటాలుంటే తీసి దూరంగా పెట్టండి. తూటా కూర్చునే గూళ్లు రెండిట్లోనూ వేలు పెట్టి తడమండి. తర్వాత వెనకనుంచి గొట్టాల్లోకి చూస్తే అటు చివర వెలుతురు గుండ్రంగా కనిపించాలి. దీన్ని దాటేయకండి. 12 బోరు గొట్టంలో పొరపాటున అంతకంటే సన్నటి 20 బోరు తూటా వేస్తే ముందుకు జారి ఇరుక్కుంటుంది, గూడు ఖాళీగానే కనిపిస్తుంది. దాని వెనక ఇంకోటి పెట్టి పేలిస్తే గొట్టమే పగిలిపోవచ్చు.

పంపు తుపాకీకి (గొట్టం కిందున్న పిడిని లాగి తోసే రకం) మొదట ట్యూబు, అంటే గొట్టం కింద తూటాలు వరసగా ఉండే గొట్టం, ఖాళీ చేయాలి, ఆ తర్వాతే గూడు. లేకపోతే పంపు లాగి తోసినప్పుడల్లా కొత్త తూటా గూట్లోకి వస్తుంది.

మన తేమకు తూటా అడుగు తుప్పుపట్టి బిగుసుకుపోవచ్చు. కత్తితోనో మేకుతోనో పొడవకండి, అడుగు మధ్యలో మందును అంటించే ప్రైమరు ఉంటుంది, దానికి దెబ్బ తగిలితే పేలుతుంది. తెరిచినట్టే ఉంచి, లైసెన్సున్న తుపాకుల మెకానిక్కుని పిలిపించండి.