అచ్చయిన రచనను పోటీకి పంపాలంటే ఏం చేయాలి?

కథల పోటీ ప్రకటన పడగానే చాలామంది పాత ఫైళ్లు తిరగేస్తారు. అందులో తప్పేం లేదు. కాకపోతే, రచన మీద హక్కు ఎవరిదన్నది ఒక లెక్క, పోటీ నిబంధనకు అది నిలుస్తుందా అన్నది మరో లెక్క. హక్కు పూర్తిగా మీదే అయినా పోటీకి చెల్లకపోవచ్చు. పేచీలన్నీ ఇక్కడే వస్తాయి.

ముందు నిబంధన ఒకటికి రెండుసార్లు చదవండి. ‘అముద్రితం’ అని మాత్రమే ఉంటే అచ్చు సంగతి చూసుకోవాలి. ‘ప్రచురణ, ప్రసారం కాలేదు, సామాజిక మాధ్యమాల్లో రాలేదు, మరెక్కడా పరిశీలనలో లేదు’ అని ఉంటే ఫేస్‌బుక్, వాట్సాప్ గ్రూపు, ప్రతిలిపి యాప్, ఆకాశవాణి అన్నీ లెక్కలోకొస్తాయి. నెల్లూరు జమీన్ రైతు పత్రికలో పడ్డ నాలుగు పాదాల కవితైనా, ఒంగోలులో ఉగాదికి వేసిన సంకలనంలో ఒక పేజీ అయినా, కావలి కాలేజీ మేగజైన్ అయినా అచ్చు అచ్చే. మన జిల్లా దాటి ఎవరూ చూడలేదన్న వాదన నిలవదు. కవి సమ్మేళనంలో చదివి ఊరుకున్నది మామూలుగా చెల్లుతుంది. దాని వీడియో యూట్యూబ్‌లో ఉంటే నిర్వాహకుల్ని ముందే అడగండి. పాత పోస్టు తీసేసినంత మాత్రాన అది రానట్టు కాదు.

తర్వాత హక్కు. బయటి రచయితగా పంపి, సంతకం పెట్టి ఏమీ రాసివ్వకపోతే హక్కు మీ దగ్గరే ఉంటుంది. రాసిచ్చిన కాగితంలో గడువు లేకపోతే 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ దాన్ని 5 ఏళ్లుగా లెక్కేస్తుంది. పత్రికలో జీతానికి పనిచేస్తూ ఆ పత్రిక కోసం రాసినదైతే, వేరే ఒప్పందం లేనప్పుడు, పత్రికల్లో వేసుకునే హక్కు యాజమాన్యానిది.

ఇక తిరగరాయడం. పేరు మార్చి, రామయ్యను సుబ్బయ్యను చేస్తే కొత్త కథ అయిపోదు. రొయ్యల గుంటల మీద మీరు రాసిన వ్యాసం జిల్లా ఎడిషన్‌లో వచ్చిందనుకుందాం. రాత్రి కరెంటు పోయి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగడం, తెల్లవారుజాముకు నీళ్లలో ఆక్సిజన్ పడిపోవడం, రొయ్యలు పైకి తేలడం - ఇవన్నీ ఎవరి సొత్తూ కాని సంగతులు. కథలో నిక్షేపంగా వాడుకోండి. కానీ అప్పటి వాక్యాలు, రైతు చేత పలికించిన మాటలు, సంగతులు పేర్చిన వరస అలాగే దిగితే అది పాత రచనే. పాత ఫైలు మూసేసి తెల్లకాగితం మీద మొదలుపెట్టడమే మంచిది. పక్కన తెరిచి ఉంటే చెయ్యి దానంతటదే అటు పోతుంది. పూర్తయ్యాక 8, 10 మాటల ముక్కలు కొన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతకండి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో ఉన్న పాత ప్రతులు ఇలా దొరకవు, కాబట్టి పేపర్ కటింగ్ పక్కన పెట్టుకుని కంటితోనే సరిచూసుకోవాలి. న్యాయనిర్ణేతకు దొరకనిది పాఠకుడికి దొరుకుతుంది, అదీ బహుమతి ప్రకటించాక!

కథతో పాటు పంపే హామీపత్రంలో దాపరికం వద్దు. ఇలా రాస్తే చాలు: “ఈ కథ నా సొంతం. అనువాదం, అనుసరణ కాదు. ఇందులోని కొంత సమాచారం ఫలానా పత్రికలో ఫలానా తేదీన వచ్చిన నా వ్యాసంలోనిది. కథగా ఎక్కడా ప్రచురితం కాలేదు.” కటింగ్ జిరాక్స్ జతచేయండి. ఇదంతా విడి కాగితం మీదే ఉండాలి. చాలా పోటీల్లో కథ పేజీల మీద పేరు కనబడితే పక్కన పెట్టేస్తారు.

ఫలితాలు వచ్చేదాకా అదే కథ ఇంకోచోటికి పంపకూడదు. బహుమతి రాని కథల్ని సాధారణ ప్రచురణకు తీసుకుంటామని ప్రకటనలో ఉంటే, అది తేలేవరకూ ఆగాలి. మధ్యలో వెనక్కి తీసుకుంటే మెయిల్ పెట్టి, జవాబు వచ్చాకే కదలండి.

అచ్చయినవాటినే అడిగే పురస్కారాలూ ఉన్నాయి: కథా సంపుటాలకు, కవితా సంపుటాలకు ఇచ్చేవి. అక్కడ చూసేది పుస్తకం తొలి ముద్రణ ఏడాది. మలిముద్రణ తేదీ చూపిస్తే సాధారణంగా ఒప్పుకోరు. ఏ కథ ఏ పత్రికలో ఎప్పుడు వచ్చిందో ప్రతి కథ చివరా వేయించండి.