1600 మీటర్ల పరుగు ముందు తిండి, నీళ్ళు: గ్రౌండ్‌లో వచ్చే తంటాలు, వాటి పరిష్కారాలు

పొద్దున్న 5 కల్లా శ్రీకాకుళం ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కి వెళ్తే చీకట్లోనే కుర్రాళ్ళు రౌండ్లు కొడుతూ కనిపిస్తారు, సగం మంది కానిస్టేబుల్ ఈవెంట్స్ (ఒంటి కొలతలు, పరుగు పరీక్షలు) కోసం, సగం మంది ఆర్మీ కోసం, మధ్యలో షుగర్ తగ్గించుకుందామని వచ్చిన పెద్దోళ్ళు చేతులూపుకుంటూ నడుస్తుంటారు. షూస్ గురించి గంటలు గంటలు మాట్లాడుకుంటారు, టైమింగ్ గురించి మాట్లాడుకుంటారు, తిండి మాట మాత్రం ఈవెంట్స్ ముందు రోజు రాత్రి 9 కి గుర్తొస్తుంది, అప్పుడు నాకు ఫోన్. "అన్నా, రేపు పొద్దున్న ఏటి తినీసి వెళ్ళమంటావు?"

నేను కోచ్‌ని కాదు. రెండుసార్లు ఈవెంట్స్‌కి వెళ్ళినోణ్ణి, మొదటిసారి పరుగులో పోయింది, రెండోసారి పరుగు దాటి మెయిన్స్‌లో, అంటే ఆఖరి రాత పరీక్షలో పోయింది, అది వేరే ఏడుపు. ఇప్పుడు మా మేనల్లుడితో పాటు ఇంకో నలుగురైదుగురు గుంటల్ని పరిగెత్తిస్తున్నాను అంతే.

ముందు ఒక లెక్క చెప్పీస్తాను. 60 కిలోల మనిషి 1600 మీటర్లు పరిగెడితే ఖర్చయ్యేది సుమారు 100 కేలరీలు, అంటే ఓ మాదిరి అరటిపండు. 5 కిలోమీటర్లైతే 300. కండల్లో, లివర్‌లో మనం దాచుకున్న గ్లైకోజెన్ (చక్కెర నిల్వ) గంట పైన పరుగుకి సరిపోద్ది, రాత్రి శుభ్రంగా అన్నం తిని పడుకున్నోడికి 8 నిమిషాల పరుగుకి పెట్రోల్ చాలకపోవడం అనేదే ఉండదు. కాబట్టి పొద్దున్న తినేది స్పీడ్ కోసం కాదు, లైన్‌లో నిలబడ్డానికి. మన పరుగు 8 నిమిషాలు గానీ దానికి ముందు సర్టిఫికెట్లు, ఎత్తు, ఛాతీ, చెస్ట్ నంబర్, మళ్ళీ కూర్చోబెట్టడం, ఇలగ 4, 5 గంటలు పోతాయి, నేను చూసిన తంటాల్లో ముప్పాతిక ఈ వెయిటింగ్ తెచ్చిపెట్టినవే.

సమస్య: మూడో రౌండ్‌లో డొక్కలో పోటు

ఇది నాకే జరిగింది. తెల్లవారుజామున 4 కి అమ్మ ఆరు ఇడ్లీ పెట్టింది, పల్లీ చట్నీతో లాగించేసి 6 కే పరుగు ఉంటాదనుకుని వెళ్ళాను, నా బ్యాచ్‌ని పిలిచింది 10:45 కి. అప్పటికి ఇడ్లీలు ఎప్పుడో అరిగిపోయి కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి, 10 దాటాక ప్రహరీ మీంచి బండోడు అందించిన సమోసాలు రెండు తిని, పెద్ద కూల్ డ్రింక్ బాటిల్ సగం పైన గటగటా తాగేసాను. రెండు రౌండ్లు బానే ఉంది. మూడో రౌండ్ మలుపులో కుడి పక్కటెముకల కింద మేకు దిగ్గొట్టినట్టు ఒక పోటు, చెయ్యి పెట్టి నొక్కుకుంటూ వంగిపోయి ఎలాగో పూర్తి చేసాను. 8 నిమిషాల 9 సెకన్లు. కానిస్టేబుల్ పరుగుకి మగాళ్ళ కటాఫ్ 8 నిమిషాలు. ఆ 9 సెకన్లకి ఇంకో నోటిఫికేషన్ దాకా ఆగాల్సొచ్చింది, అదెప్పుడొచ్చిందో అడక్కండి.

కారణం ఏటంటే, కడుపు నిండుగా ఉన్నప్పుడు పరిగెడితే ఈ పోటు ఎక్కువగా వస్తుంది, అందులోనూ తీపి బాగా ఉన్న డ్రింకులు తాగితే ఇంకా ఎక్కువ. కూల్ డ్రింక్‌లో 100 మి.లీ. కి 10 గ్రాముల పైనే చక్కెర ఉంటాది, అంత చిక్కటి తీపి కడుపులోంచి బేగి కిందకి దిగదు, సగం బాటిల్ పొట్టలో తొణుకుతూ ఉంటే మనం పరిగెడుతున్నాం. పండ్ల జ్యూస్‌లు కూడా అదే బాపతు, ఆరోగ్యం అనుకుని తాగుతారు గానీ.

పరిష్కారం: పెద్ద తిండి ఏదైనా పరుగుకి 3 గంటల ముందే అయిపోవాలి. చిన్న తిండి, అంటే ఒక అరటిపండో రెండు ఇడ్లీలో, గంట, గంటన్నర ముందు. ఆఖరి అరగంటలో నోరు తడుపుకునే గుక్కలే తప్ప గ్లాసులు వద్దు. పరుగు మధ్యలో పోటు వచ్చీసిందంటే ఆగిపోకండి, ఓ పదిహేను అడుగులు స్పీడ్ తగ్గించి, పెదాలు ముడిచి ఊపిరి మొత్తం పొడుగ్గా బయటకి వదలండి, నొప్పి ఉన్నచోట రెండు వేళ్ళతో లోపలికి నొక్కి కొంచెం ముందుకి వంగండి. చాలామందికి తగ్గుద్ది. నాకు ఆ రోజు ఈ ముక్క తెలీదు.

సమస్య: కడుపు బరువు, పుల్లటి తేన్పులు, పరుగయ్యాక వాంతి

పూరీ. ఇంకేం చెప్పను. ఊరి నుంచి బస్ దిగ్గానే కాంప్లెక్స్ దగ్గర వేడి వేడి పూరీ కూర కనబడుద్ది, పైగా "బలం ఉండాల కదా బావు" అని పక్కనోడు ఎగదోస్తాడు. నూనె, కొవ్వు కడుపులో గంటల తరబడి ఉండిపోతాయి, గట్టిగా పరిగెడితే రక్తమంతా కాళ్ళకి పోయి కడుపుకి సప్లై తగ్గిపోద్ది, లోపలున్నది అక్కడే ఆగిపోద్ది, ఆఖరికి గీత దాటాక గ్రౌండ్ పక్కన పడుద్ది. పాలు తాగితే పడనోళ్ళకి పాలు, రాత్రి బిర్యానీ, ఉడకబెట్టిన గుడ్లు అరడజను మింగడం, అన్నీ ఇదే కోవ. పలాస జీడిపప్పు మన జిల్లా గొప్పే, కాదనను, కానీ 100 గ్రాముల్లో 44 గ్రాములు కొవ్వు, పరుగయ్యాక తినండి.

రాత్రికి మామూలు అన్నం, పప్పు, కాస్త మజ్జిగ. కారాలు, వేపుళ్ళు ఒక్క పూట ఒగ్గేయండి. పొద్దున్నకి ఇడ్లీ లేదా పల్చటి ఉప్మా, చట్నీ కొంచెమే.

సమస్య: గీత దగ్గర నిలబడేసరికి చేతులు వణుకు, కాళ్ళు తేలిపోవడం

దీనికి రెండు కారణాలుంటాయి, రెండూ ఒకదానికొకటి రివర్స్, అందుకే ముందు మీది ఏదో చూసుకోండి.

ఒకటి, అసలేం తినకపోవడం. "ఖాళీ కడుపుతో లైట్‌గా ఉంటాది" అని ఎవడో చెప్తాడు. పొద్దున్న 6 కే పరుగైతే ఖాళీ కడుపుతో కూడా పర్లేదు, చాలామంది ప్రాక్టీస్ అలాగే చేస్తారు. కానీ రాత్రి 8 కి తిని మర్నాడు 11 దాకా ఎండలో కూర్చుంటే 15 గంటలు, కండల్లో సరుకు ఉన్నా లివర్‌లోది చాలా వరకు కరిగిపోయి తల తేలిపోద్ది.

రెండోది గ్లూకోజ్ పొడి. లైన్‌లో ఉండగా, పరుగుకి ఓ 40 నిమిషాల ముందు నాలుగు చెంచాలు నీళ్ళలో కలుపుకుని తాగేస్తారు. చక్కెర రక్తంలోకి ఒక్కసారి ఎక్కుద్ది, ఇన్సులిన్ వచ్చి దాన్ని కిందకి లాగుద్ది, సరిగ్గా అదే టైంకి మనం పరుగు మొదలెడితే కండలు కూడా ఆ చక్కెరని లాగుతాయి, కొందరికి షుగర్ దబ్బున పడిపోయి వణుకు పుట్టుద్ది. అందరికీ రాదు, వచ్చేవాళ్ళకి మాత్రం ఖాయంగా వస్తుంది.

పరిష్కారం: తీపి తినాలంటే గంట పైన ముందు తినండి, లేదా వార్మప్ అవుతుండగా ఆఖరి 5, 10 నిమిషాల్లో చిన్న ముక్క. దీనికి నేను గుంటలకి ఇచ్చేది భీమాళి మామిడి తాండ్ర. విజయనగరం వైపు వెళ్ళినప్పుడల్లా తెస్తాను, అగ్గిపెట్టంత ముక్కలు కోసి ప్లాస్టిక్ కాగితంలో చుట్టి జేబులో పెట్టిస్తాను. సిటీలో పరిగెత్తేవాళ్ళు వందలు పెట్టి కొనే జెల్ ప్యాకెట్‌లో ఉండేదీ ప్రధానంగా చక్కెరే, మన తాండ్రలోనూ మామిడి రసం, చక్కెరే, నమలడం ఒక్కటే తేడా. వెయిటింగ్ సాగుతుంటే గంటన్నరకోసారి ఒక ముక్క, రెండు గుక్కల నీళ్ళు, అంతే, సమోసా బండి వైపు చూడక్కర్లేదు. షుగర్ మందులు, ఇన్సులిన్ వాడేవాళ్ళు మాత్రం ఇది నా మాట మీద చేయొద్దు, మీ డాక్టర్ని అడగండి.

సమస్య: సరిగ్గా పిలిచే టైంకి మోషన్

నవ్వకండి, బ్యాచ్‌కి ఇద్దరైనా ఉంటారు. సగం భయం, మిగతా సగం కాఫీ, టీలు, పీచు. కాఫీ పేగుల్ని కదిలిస్తుంది, కొందరికి తాగిన పావుగంటకే. కాఫీ వల్ల పరుగుకి లాభం ఉన్న మాట నిజమే, తాగిన 45 నిమిషాల నుంచి గంటకి బాగా పనిచేస్తుంది, కానీ ఇంట్లో రోజూ తాగేవాళ్ళే ఆ రోజు తాగాలి. అలవాటు లేనోడు ఆ రోజే మొదలెడితే బాత్రూం ఎక్కడుందో ముందు చూసుకోవాలి.

చోడి (రాగి) అంబలి గురించి గొడవొకటి ఉంది. మా పెద్దమ్మ అయితే "చోడంబలి తాగి పొలంలో మధ్యాన్నం దాకా వంగి నాట్లేసినోళ్ళం, మీకేటొచ్చిందిరా" అంటాది. నిజమే, కానీ నాట్లకి కావాల్సింది మెల్లగా అరుగుతూ మధ్యాహ్నం దాకా నిలిచే తిండి, మనకి కావాల్సింది పరుగు టైంకి కడుపులోంచి దిగిపోయే తిండి. చోళ్ళలో పీచు ఎక్కువ. రోజూ తాగే అలవాటుంటే పల్చగా ఒక గ్లాసు, మూడు గంటల ముందు, ఉల్లిపాయ నంజుకోకుండా తాగండి. తరవాణి (పులిసిన గంజి), చద్దన్నం కూడా అంతే, పులుపు పడేవాళ్ళకి పడుద్ది, పడనోళ్ళకి ఆ రోజు పరీక్ష పెట్టుకోవద్దు. మొలకెత్తిన శనగలు, పెసలు మాత్రం ముందు రోజు మధ్యాహ్నం నుంచే బంద్, గ్యాస్.

పొద్దున్న లేవగానే ఒక గ్లాసు గోరువెచ్చటి నీళ్ళు తాగి, ఇంట్లోనే పని కానిచ్చుకుని బయల్దేరేలా అరగంట ముందు అలారం పెట్టుకోండి. దీనికి మించిన మందు నాకు దొరకలేదు.

సమస్య: నోరెండిపోవడం, తలనొప్పి, లేదా రివర్స్‌లో పొట్టలో నీళ్ళు గలగల

నోరెండిపోవడం అన్నిసార్లూ దాహం కాదు, కంగారుకి కూడా నాలిక పిడచగట్టుకుపోద్ది. తెలుసుకునే దారి ఒంటేలు రంగు: పల్చటి గడ్డి రంగైతే చాలు, చిక్కటి పసుపైతే నీళ్ళు తక్కువ, పూర్తిగా నీళ్ళలా తెల్లగా ఉంటే ఎక్కువ తాగేస్తున్నారు. లెక్క కావాలంటే పరుగుకి ఓ 4 గంటల ముందు కిలో బరువుకి 5 నుంచి 7 మి.లీ., అంటే 60 కిలోలకి 300 నుంచి 420, రెండు గ్లాసులు దాటదు. తర్వాత గుక్కలే.

ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలి. గ్రౌండ్‌లో బాత్రూంలు సరిగా ఉండవని ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్ళు మానేస్తారు, మా బ్యాచ్‌లో ఇద్దరు ఇదే చేసారు, ఒకమ్మాయి ఎండలో లైన్‌లోనే కూలబడిపోయింది, 10 నిమిషాల 30 సెకన్ల టైం ఉండి కూడా పరుగు దాకా వెళ్ళలేదు. మానొద్దమ్మా. ఆ రెండు గ్లాసులు ఇంట్లో బయల్దేరే ముందు రెండు గంటల్లో తాగేసి, ఒంట్లో ఎక్కువైంది ఇంట్లోనే పోనిచ్చి, గ్రౌండ్‌లో మాత్రం పావుగంటకో గుక్క వేసుకోండి, దానికి మాటిమాటికీ వెళ్ళాల్సిన అవసరం రాదు.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌తో జరిగే తప్పు ఒకటుంది. లీటరు నీళ్ళకని ఇచ్చిన ప్యాకెట్‌ని అరలీటర్ బాటిల్‌లో పోసి ఊపేస్తారు. లీటర్‌కి 13.5 గ్రాముల గ్లూకోజ్, 2.6 గ్రాముల ఉప్పు అని లెక్క కట్టి పెట్టిన సరుకది, సగం నీళ్ళలో కలిపితే రెట్టింపు చిక్కనై వాంతి తెప్పిస్తుంది. లీటర్‌లోనే కలపండి, అదీ ఎండలో గంటలు కూర్చోవాల్సొస్తేనే. కొబ్బరి బొండాం మంచిదే, గంటన్నర ముందు ఒకటి, రెండోది పరుగయ్యాక.

సమస్య: గుండె దడ, పరుగు మొదట్లోనే ఆయాసం

ఎనర్జీ డ్రింక్ డబ్బా. 250 మి.లీ. లో సుమారు 80 మిల్లీగ్రాముల కెఫీన్, 27 గ్రాముల చక్కెర, పైన మన భయం. తాగొద్దు, అయిపోయింది.

సమస్య: పిక్కలు పట్టేయడం

ఉప్పు చాలక అని అందరూ ఉప్పు నాకుతారు. ఇంత చిన్న పరుగులో పిక్క పట్టేది ఎక్కువగా అలవాటు లేని స్పీడ్‌లో మొదటి రౌండ్ కొట్టడం వల్ల, తిండితో పోయేది కాదు.

సమస్య: మోకాలు నొప్పి, ముందే ఒక మాత్ర వేసుకుందామా

వద్దు. డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ లాంటివి ఒంట్లో నీళ్ళు తక్కువున్నప్పుడు కిడ్నీ మీద పడతాయి, కిడ్నీ జబ్బుల ఉద్దానం పక్కన పెట్టుకుని మనకి ఈ మాట ఇంకొకరు చెప్పక్కర్లేదు. నొప్పి ఉంటే వారం ముందే డాక్టర్‌కి చూపించుకోవాలి గానీ, మెడికల్ షాపోడు ఇచ్చిన మాత్ర, అంతకన్నా ఘోరం, "స్టామినా ఇంజక్షన్" అని తిరిగేవాడి మాట వినొద్దు.

ఇక మా మేనల్లుడికి నేను పెట్టిన రిహార్సల్ చెప్పి ఆపేస్తాను. ఈవెంట్స్‌కి మూడు వారాల ముందు నుంచి ప్రతి ఆదివారం 4:30 కి రెండు ఇడ్లీలు, ఒక గ్లాసు నీళ్ళు, 6 కి గ్రౌండ్, అక్కణ్ణుంచి ఊరికే కూర్చోబెట్టడం, ఫోన్ కూడా లేకుండా. 8 కి అరటిపండు. 9:30 కి తాండ్ర ముక్క. 10:30 కి పరుగు. మొదటి ఆదివారం వాడు "మావయ్యా, పరుగు కన్నా ఈ కూర్చోడం సస్తన్నాను" అన్నాడు. రెండో వారం అరటిపండు పడలేదు, తేన్పులొచ్చాయి, తీసేసి ఇంకో ఇడ్లీ పెట్టాం. మూడో వారం ఏ గొడవా లేదు. అసలు రోజు వాణ్ణి 9 కే పిలిచీసారు, తాండ్ర జేబులోనే ఉండిపోయింది, 6 నిమిషాల 48 సెకన్లలో పూర్తి చేసి, పది నిమిషాలు నడిచాక నేను తెచ్చిన మజ్జిగ తాగి, ఆ ముక్క తీసి సగం నాకిచ్చాడు.